రేపన్న దేదిరా: ఒక బోర్డు పద్యానికి టీకా, తాత్పర్యం

మూలం

బోర్డు రాసినాను పొద్దుగూకెడిదాక
కూలి యడుగబోతె గుడికి వెళ్ళె
రేపు రమ్మనియెను, రేపన్న దేదిరా?
హళ్ళిఖేడు గోడ నడిగిచూడు

అవతారిక

వ్యాఖ్యాతలందరికీ పెద్దదిక్కు మల్లినాథ సూరి. మెదకు సీమలోని కొల్చారం ఆయనది. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. కొల్చారం నుంచి హళ్ళిఖేడుకు బస్సులో ఒక పూట ప్రయాణం. ఆ ఒట్టు మాత్రం ఇంతదూరం రాలేదు. అంచేత మూలంలో లేనివి కూడా రాస్తాను. అసలు మూలమే నేను కట్టింది. మంచి పద్యం చేతికి దొరకనప్పుడు వ్యాఖ్యాతలు చేసే పని ఇదే, పైకి ఒప్పుకోరు గానీ.

పద్యం ఆటవెలది. మాట్లాడేవాడు బోర్డులు రాసే పెయింటరు. స్థలం బీదర్ జిల్లా, హుమ్నాబాద్ తాలూకా, హళ్ళిఖేడ్ (బి). ఒక కిరాణా కొట్టుకు బోర్డు రాశాడు, డబ్బులడగబోయాడు. కథ అంతే. ఇంత చిన్నదానికి వ్యాఖ్య దేనికంటారా? ప్రబంధ నాయిక ఒక్క రాత్రి నిద్రపట్టక దొర్లితే ఆశ్వాసం నిండా పద్యాలు రాశారు, మీరు చదివారు, దేనికని అడగలేదు.

ప్రతిపదార్థం

బోర్డు = దుకాణం నెత్తిన బిగించే ఇనుపరేకు. ఇది తత్సమమా, తద్భవమా, అన్యదేశ్యమా అన్న చర్చ తేలేలోపు రేకు తుప్పు పడుతుంది. ముందు రెడ్ ఆక్సైడ్ పుయ్యాలి.

రాసినాను = నాలుగు లిపుల్లో రాశాను. ఇక్కడ కాస్త ఆగాలి. బీదర్ 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది, ఆ రోజున మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీతలు మారాయి గానీ సంతకు వచ్చేవాళ్ళు మారలేదు. ఒకరు కన్నడం చదువుతారు, ఒకరు ఉర్దూ, ఒకరు మరాఠీ, ఒకరు మనవాళ్ళు. నలుగురికీ శనగపప్పు కావాలి. ఇక 2024లో కర్ణాటక చట్టాన్ని సవరించి, బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలంది. పదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు రేకు అనుకోండి. ముప్పై చదరపు అడుగుల్లో పద్దెనిమిది కన్నడానికి. మిగిలిన పన్నెండులో ముగ్గురు, తలకి నాలుగు. అన్నదమ్ముల పంపకాలకి పంచాయతీ పెద్దలు కావాలి. ఇక్కడ పెయింటరు ఒక్కడే సుద్దముక్కతో తేలుస్తాడు.

నాలుగు లిపులంటే నాలుగు చేతులు. కన్నడం, తెలుగు దగ్గర చుట్టాలు. బసవకల్యాణం ఈ జిల్లాలోదే, కల్యాణి చాళుక్యుల రాజధాని. వాళ్ళ శాసనాల కాలానికి రెండు భాషలకూ లిపి ఉమ్మడే. తర్వాత వేరుపడ్డాయి. పెయింటరు దృష్టిలో ఆ చరిత్రంతా తలకట్టు దగ్గరుంది: తెలుగులో పైకి గీరినట్టు ఒక విసురు, కన్నడంలో అడ్డంగా పోయి చివర ఒక మెలిక. బ, ర, ల లాంటి అక్షరాల్లో చెయ్యి దాదాపు ఒకే దారిన పోతుంది. క, త, శ దగ్గర మాత్రం ఆదమరిస్తే తెలుగు వరసలో కన్నడం వచ్చి కూర్చుంటుంది. మరాఠీకి తలమీద గీత చివర్న లాగుతాడు. అది తిన్నగా వచ్చిందంటే కింద వంకరలు ఎవరూ చూడరు.

ఉర్దూ దగ్గర ఉంది అసలు పరీక్ష. అది కుడి నుంచి ఎడమకు. ఎడమ నుంచి రాసేటప్పుడు చెయ్యి తడి రంగుకు దూరంగా జరిగిపోతూ ఉంటుంది. ఉర్దూలో కుడిచేతివాటం పెయింటరు మణికట్టు ఇప్పుడే రాసిన తడి అక్షరం మీదే ఉంటుంది. అందుకని ఎడమచేత్తో ఒక కర్ర పట్టుకుని, దాని కొసకు గుడ్డ చుట్టి రేకుకు ఆనించి, ఆ కర్ర మీద కుడి మణికట్టు ఆన్చి, ఊపిరి బిగబట్టి లాగుతాడు. నస్తలీఖ్‌లో అక్షరం తిన్నగా నిలబడదు, మెట్లు దిగినట్టు ఏటవాలుగా జారుతుంది. చుక్క ఒకటి పైకి పోయినా, కిందకి పోయినా మాట మారిపోతుంది. బోర్డు ఎక్కించాక నమాజుకి పోతున్న ముసలాయన ఆగి, తలెత్తి, పెదాలు కదుపుతూ ఒకసారి చదివి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడంటే గెలిచినట్టు. తప్పుంటే ఆగి పిలిచేవాడే.

పొద్దుగూకెడిదాక = సూర్యాస్తమయం వరకు. "అంత సేపెందుకయ్యా, నాలుగు మాటలకి?" అని సేటు అడుగుతాడు. రంగు ఆరాలి గదా. ప్రైమరు ఆరాలి, నల్లటి అడుగురంగు ఆరాలి. తర్వాత దారానికి సుద్దపొడి పట్టించి, రెండు కొసలూ బిగించి లాగి, నడిమిన చిటికేసి వదిలితే రేకు మీద గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాల ఒళ్ళు, ఆపైన అంచు, ఆపైన నీడ. నీడ ఎప్పుడూ ఒక పక్కకే పడాలి. అక్షరానికో పక్క పడితే ఆ బోర్డుకు నలుగురు సూర్యులున్నట్టు. ఈ లోపల లారీ ఒకటి పోయి, దుమ్మంతా తడి ఎనామిల్ మీద వాలుతుంది. దుమ్ముకి ప్రత్యేకం రేటు లేదు.

కూలి = చేసిన పనికి రావలసిన సొమ్ము. గ్యాలరీలో అయితే పారితోషికం, గోడ మీద అయితే కూలి. కుంచె రెండుచోట్లా ఒకటే. ముంబైలో సినిమా హోర్డింగులు వేసి మొదలుపెట్టిన ఎం.ఎఫ్. హుస్సేన్ రెండు మాటలూ ఎరిగినవాడు.

యడుగబోతె = అడగడానికి వెళ్తే. కవి నేర్పంతా ఈ ఒక్క క్రియలో ఉంది. అతను అడగలేదు, అడగబోయాడు. అడగబోవడానికీ అడగడానికీ మధ్య ఉన్న సందులోంచి దుకాణదారు జారుకున్నాడు.

గుడికి = దేవాలయమునకు. ఏ గుడికి? వ్యాఖ్యాతల్లో భేదాభిప్రాయం ఉంది. హుమ్నాబాద్ వీరభద్రేశ్వరుడి గుడికని కొందరు. కాదు, 1865లో సమాధి చెందిన మాణిక్ ప్రభు సన్నిధికి, మాణిక్‌నగర్‌కని కొందరు. ఏ గుడికీ పోలేదని, వెనక గదిలో ఫ్యాను కింద ఉన్నాడని నా మతం.

వెళ్ళె = వెళ్ళెను. కర్త ఎవడు? వాక్యమంతా వెతికినా కనబడడు. వాక్యంలోనూ లేడు, దుకాణంలోనూ లేడు. ఛందస్సు కోసం కర్తను వదిలేశారనుకునేవాళ్ళు ఎప్పుడూ బాకీ వసూలుకు వెళ్ళనివాళ్ళు.

రేపు రమ్మనియెను = రేపు రా అన్నాడు. పూర్వపక్షం: గుడికి పోయినవాడు రేపు రమ్మని ఎట్లా అన్నాడు? సమాధానం: గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్లగాడు అన్నాడు, ముందే చెప్పి ఉంచారు కనక తడుముకోకుండా అన్నాడు.

రేపన్న దేదిరా = రేపు అనునది ఏది? 'రా' అన్న సంబోధన దుకాణదారుకు కాదు, ఆయన ఎదురుగా 'సేట్‌జీ' తప్ప వేరే మాట రాదు. ఇది తనకు తానే. ఈ ప్రశ్న వేదాంతమనుకుని కాలతత్త్వ విచారంలోకి దిగిపోకండి. నాలుగు భాషల ఊళ్ళో ఇది వ్యవహారం. కన్నడంలో "నాళె బా" అంటే రేపు రా. మరాఠీలో "ఉద్యా యే" అన్నా అంతే. చిక్కల్లా ఉర్దూలో. "కల్" అంటే రేపు, "కల్" అంటే నిన్న కూడా. సేటు "కల్" అన్నాక పెయింటరు రేపు వెళ్తే, "కల్ అన్నాగా, నిన్న రాలేదేం?" అని అడిగే అవకాశం వ్యాకరణం ఇస్తోంది. "పర్‌సోఁ" అన్నాడా, ఇక ఆశ వదులుకోవాలి. హైదరాబాదీ దక్కనీలో ఆ మాటకు మొన్న అనీ, మూడేళ్ళ కింద అనీ కూడా అర్థం.

హళ్ళిఖేడు = ఊరి పేరు. కన్నడంలో హళ్ళి అంటే పల్లె. ఖేడ్ అంటే సంస్కృత ఖేటం, అదీ పల్లెటూరే. (బి) అంటే బుజుర్గ్, ఫార్సీలో పెద్ద. చిన్నది, ఖుర్ద్, వేరే ఉంది: హళ్ళిఖేడ్ (కె). బోర్డులో ఇన్ని భాషలేమిటని విసుక్కునేవాళ్ళకి ఊరి పేరే జవాబు. పెయింటరుకు మాత్రం ఆ (బి) పెద్ద గండం. ఊరి పేరు అచ్చంగా మధ్యకు వచ్చేట్టు లెక్కగట్టి రాశాక, చివర్న బ్రాకెట్లకి జాగా ఉండదు. వదిలేస్తే సరుకు ఇంకో ఊరికి పోతుంది. అనుభవం ఉన్నవాడు ముందుగా (బి) రాసేసి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తాడు. కాగితం మీద కొలత వేసుకోకుండా, కన్నుతోనే (బి) పట్టించేసిన రోజున ఆ మనిషి ఇంటికి ఈలవేసుకుంటూ పోతాడు.

గోడ నడిగిచూడు = గోడను అడుగుము. హ-కారానికి అ-కారంతో యతి చెల్లింది, అనుమానమున్నవారు లక్షణగ్రంథాలు చూసుకోవచ్చు. గోడను అడగడమేమిటి, గోడలకు చెవులుంటాయి గానీ నోరుంటుందా? ఉంది, ఈ పెయింటరు పెట్టిన నోరు. రెండేళ్ళ కింద ఈ కొట్టు పక్కగోడకు సున్నం కొట్టి, ఎర్రరంగుతో ఇతనే రాశాడు: ఈ రోజు నగదు, రేపు ఉద్దెర. ఆ మాట ఇప్పటికీ ఒక్క అక్షరం చెదరలేదు. తను రాసిందే తన మీద అమలవుతోంది. దీన్ని విషమాలంకారమనాలో, సేటు తెలివి అనాలో నేను తేల్చలేను. ఉద్దెర, కన్నడంలో ఉద్రి, ఉర్దూలో ఉధార్, అన్నిటికీ మూలం సంస్కృతంలో ఉద్ధారం. పైకెత్తడం, గట్టెక్కించడం అని అర్థం, అప్పు అని కూడా. ఇక్కడ గట్టెక్కింది ఎవరో చెప్పనక్కర్లేదు.

తాత్పర్యం

పని అయింది, డబ్బులు రాలేదు.

విశేషాంశాలు

రసం ఏదని అడుగుతారు. హాస్యమని నాకనిపిస్తుంది. పెయింటరు ఇంట్లో అడిగితే రౌద్రమంటారు.

ఉపమానం కావాలంటే దూరం పోనక్కర్లేదు. బీదర్ బిద్రీ పనిలో జింకు, రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడిలో వెండితీగ కూర్చి, కోటలోని మట్టిని నవసాగరంతో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడదు. 2023లో బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. నల్లటి ఒంటి మీద తెల్లటి గీత మెరవాలన్న ఆశ ఇద్దరిదీ ఒకటే. మన పెయింటరు దగ్గర వెండి లేదు, డబ్బా అడుగున గడ్డకట్టిన తెల్లరంగుంది. కాస్త టర్పెంటైన్ పోసి కలుపుకుంటాడు. 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా ముఖం మీద రంగుపలకల్లో అక్షరాలు, మధ్యలో పేలుడు జరిగి కొంత కూలినా, ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. పెయింటరు వాటినీ బోర్డు లెక్కలోనే వేస్తాడు. కుదిరిన పని అంటాడు.

ఇక ఫ్లెక్సు. దాన్ని 2016లోనే కర్ణాటక నిషేధించింది, అయినా ఎక్కడ చూసినా అదే. పక్కకొట్టు ఫ్లెక్సులో నవ్వుతున్న మొహం రెండు వేసవులకే నీలంగా వెలిసిపోయి, మూల చిరిగి గాలికి కొట్టుకుంటోంది. మన బోర్డులో ఎర్ర నీడ ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని చూసి సంతకొచ్చిన ఒకాయన, "ఇది ప్రింటా?" అన్నాడు. చేతిపనివాడికి ఇంతకన్నా పెద్ద అవమానం లేదు, ఇంతకన్నా పెద్ద మెప్పూ లేదు. పెయింటరు దాన్ని మెప్పు కిందే జమ వేసుకున్నాడు. ఆ నెలలో వేరే జమ లేదు.

పాఠభేదం

"గుడికి వెళ్ళె" అన్నచోట "గుర్తులేదు" అని ఒక పాఠం ఉంది. గణాలు, యతి రెండూ సరిపోతాయి. సేటు ఎదురుపడిన రోజుల్లో ఆ పాఠం వాడుక.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఉదయం, సాయంకాలం భక్తితో చదివినవారికి పాత బాకీలు వసూలవుతాయని చెప్పడానికి లేదు. కవిగారికే ఇంకా కాలేదు.