పేరు చెప్పుకోలేని పొర

సీసాల మీద రాతలు రాసే మహానుభావులకు శతకోటి దండాలు. ముందువైపు కలబంద బొమ్మ, ఓ పసుపుకొమ్ము, పక్కనే మంచుబిందువు. తిప్పి చూస్తే, కళ్లజోడు మార్చుకున్నా ఆనని అక్షరాల్లో అక్రిలేట్స్ కోపాలిమర్, వీపీ ఐకొసీన్ కోపాలిమర్, ట్రైమిథైల్‌సిలాక్సీసిలికేట్. సంపాదించి పెట్టే కొడుకుని పెరట్లో కూర్చోబెట్టి, ఊరికే నవ్వే అల్లుణ్ని వీధి అరుగు మీద చూపించుకునే సంసారం మీది.

ఓ పెళ్లి తీసుకోండి. వైశాఖం, మిట్టమధ్యాహ్నం ముహూర్తం, ఫంక్షన్ హాల్లో ఏసీ మొరాయించింది. జీలకర్రబెల్లం దాకా చెమట, హోమం దగ్గర పొగకి కళ్లనీళ్లు, అప్పగింతల్లో అసలు ఏడుపు. మధ్యలో మేనత్తలూ పిన్నులూ వరసగా వచ్చి బుగ్గలు పుణికి పోతారు. ఇన్ని గండాలు గడిచాక కూడా పెళ్లికూతురి కాటుక గీత గీతలాగే ఉందంటే, పెదవి రంగు పెదవి మీదే ఉందంటే, ఆ పుణ్యం కలబందకి కట్టబెట్టడం అన్యాయం. మేకప్ వేసే అమ్మాయికి ఈ సంగతి తెలుసు. ‘సెట్ అవ్వనివ్వండి అక్కా, రెండు నిమిషాలు పెదాలు కదపకండి’ అంటుంది. జరగాల్సిందంతా ఆ రెండు నిమిషాల్లోనే జరుగుతుంది.

ఆ పని చేసేది సీసా వెనక పేరున్న పాలిమర్. పాలిమర్ అంటే ఒకటో రెండో రకాల చిన్న ముక్కలు వేల సంఖ్యలో అతుక్కుంటూ పెరిగిన పొడవాటి గొలుసు. ఈ గొలుసుల్ని త్వరగా ఆవిరయ్యే ద్రవంలో కరిగిస్తారు. చెరగని పెదవి రంగుల్లో ఆ ద్రవం చాలాసార్లు ఐసోడోడెకేన్. కొన్ని మస్కారాల్లోనైతే నీళ్లలో సన్నటి నలుసులుగా తేలేలా చేస్తారు. పూశాక ద్రవం గాలిలో కలిసిపోతుంది. మిగిలిన గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని పలచటి పొర అవుతాయి, రంగుపొడి అందులో చిక్కుకుంటుంది. గోడకి వేసిన ఎమల్షన్ పెయింట్ ఆరేటప్పుడు జరిగేదీ ఇదే. అక్రిలిక్ కుటుంబం రెండు చోట్లా కాపురం ఉంటోంది. ఆ చుట్టరికం బయటపడితే పరువు పోతుందని మీరు దీనికి ‘రెండో చర్మం’ అని పేరు పెట్టారు. పైగా చర్మం హాయిగా ఊపిరి పీలుస్తుందని కూడా సెలవిచ్చారు. పొరలోంచి చెమట ఆవిరి కొంత బయటికి పోతుందన్న పాటి నిజం అందులో ఉంది. అందుకు హిమాలయాల్లో పద్మాసనం వేసిన అమ్మాయి బొమ్మ ఎందుకో మరి.

సన్‌స్క్రీన్ దగ్గరికొస్తే ఈ దాపరికం ఖరీదు ఇంకా పెరుగుతుంది. దగ్గరగా చూస్తే చర్మమంతా ఎత్తుపల్లాలు. క్రీము జారి పల్లాల్లో చేరుతుంది, మిట్టలు ఎండకి బోసిగా నిలబడతాయి. దానికి తోడు, క్రీములో నీటినీ నూనెనీ కలిపి ఉంచే పదార్థం ఒకటుంటుంది. చెమట తగలగానే అది తన ఉద్యోగం మరీ నిష్ఠగా చేసి, ఎండని ఆపాల్సిన సరుకుని కూడా చెమటలో కలిపి మెడ మీదికి దించేస్తుంది. నీటికి లొంగని పాలిమర్ పొర ఈ రెండు గండాలనీ కొంతమేర కాస్తుంది. సరుకుని సమంగా పరిచి పట్టి ఉంచుతుంది. అంతే సరుకుతో ఎస్‌పీఎఫ్ పెరగడానికి కూడా ఇది పనికొస్తుంది. మే నెల బెజవాడలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి సీసాలో అక్కరకొచ్చే ఆసామి ఇతనే. ప్రకటనలో ఇతనికి ఒక్క సెకను చోటు లేదు.

చోటు ఇచ్చింది ‘వాటర్‌ప్రూఫ్’ అనే బిరుదుకి. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ బిరుదుని సన్‌స్క్రీన్ల మీద రాయొద్దంది. ‘స్వెట్‌ప్రూఫ్’కీ అదే గతి పట్టించింది. నీళ్లలో 40 నిమిషాలు నిలుస్తుందో 80 నిమిషాలు నిలుస్తుందో పరీక్షించి ఆ అంకె వేసుకోమంది. మన బజార్లో మాత్రం బిరుదు ఇంకా చలామణిలోనే ఉంది. మరో లెక్క కూడా వినండి. ల్యాబ్‌లో ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూసి. ముఖానికే గ్రాము పైచిలుకు కావాలి. పొద్దునా మధ్యాహ్నమూ పూస్తే 50 గ్రాముల ట్యూబు నెల తిరక్కుండా అయిపోవాలి. మన ఇళ్లల్లో అది ఉగాదికి కొంటే మళ్లీ ఉగాది దాకా వస్తుంది, మధ్యలో చుట్టాలొస్తే వాళ్లకీ సరిపోతుంది. బొట్టు పెట్టుకున్నంత పూసుకుంటే పొర ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ మాట మీరు చెప్పరు. చెబితే ట్యూబు ధరని రోజులతో భాగించి చూస్తారని భయం.

మీరు దాచిపెట్టినదాన్ని బూచిగా చూపించి బతికే బృందం ఇంకొకటి తయారైంది. ‘ముఖానికి ప్లాస్టిక్ పూస్తున్నారు, రక్తంలోకి పోతోంది’ అని గుండెలు బాదుకుని, చివర్లో తమ సొంత చూర్ణం డబ్బా చూపిస్తారు. వాళ్లు బెదిరించే పేర్లలో పీవీపీ ఒకటి. జర్మనీలో వాల్టర్ రెప్పే బృందం తయారుచేసిన ఈ పాలిమర్‌కి 1939లో పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో రక్తం పోయిన సైనికులకి ప్లాస్మా బదులు ఎక్కించారు. తర్వాత హెయిర్ స్ప్రేల్లోకి దిగింది. మోకాలు గీరుకుపోతే మనం పూసే బీటాడీన్‌లో అయోడిన్‌ని పట్టి ఉంచేదీ ఇదే. మాత్ర చేతిలో పొడి కాకుండా ఉండటానికీ చాలాసార్లు ఇదే బంక. అంత బూచి మన ఇళ్లల్లో మందుల డబ్బాలోనే కాపురం ఉంది.

ప్రకృతి ఇచ్చిందంతా అమృతమనే వాదన ఆ చూర్ణం డబ్బాకి మూలధనం. మన కూచిపూడి కళాకారులు ఒకప్పుడు ముఖానికి పూసుకున్న అర్దళం నిఖార్సైన ప్రకృతి వరం, భూమిలోంచి తవ్వి తీసిన ఆర్సెనిక్ సల్ఫైడు. పాతకాలం సుర్మాలో సీసపు ఖనిజం. అవి నూటికి నూరుపాళ్లు సహజం, నూటికి నూరుపాళ్లు విషం. పోనీ పొరే వద్దందామా అంటే, ఏటికొప్పాక బొమ్మకి మెరుపిచ్చే లక్క కూడా పొరే. పురుగు విడిచిన ఆ సహజ పాలిమర్‌ని శుద్ధిచేసి గోళ్ల రంగుల్లోనూ వాడుకున్నారు.

ఇక రక్తంలోకి పోతోందన్న మాటకొస్తే, పాలిమర్ గొలుసు అంత పొడవయ్యాక చర్మం పైపొర దాటి లోపలికి పోవడం జరగదు. భయపడాల్సింది గొలుసు కాకముందు విడిగా ఉండే ముక్కల గురించి. జెల్ గోళ్ల రంగుల్లో ఉండే హెమా అలాంటి ముక్కే. చర్మానికి తగిలి ఎంతమందికో అలర్జీ తెచ్చింది. అసలు సన్‌స్క్రీన్‌లోంచి రక్తంలోకి చేరేది ఏదని అడిగితే, 2019లో ఎఫ్‌డీఏ పరిశోధకులు చూపించింది పాలిమర్‌ని కాదు, అవోబెంజోన్, ఆక్సీబెంజోన్ లాంటి చిన్న అణువుల్ని. చేరినంత మాత్రాన హాని అని తేల్చలేదు, సన్‌స్క్రీన్ మానమనీ అనలేదు. కానీ అరిచేవాళ్లు పట్టుకున్న దొంగ వేరు, గోడ దూకినవాడు వేరు.

దాచే మీకూ, అరిచే వాళ్లకీ మధ్య యూరప్ ఒక చట్టం తెచ్చింది. కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్ మీద 2023 అక్టోబరు నుంచి ఆంక్షలు. కడిగేసే వాటికి 2027 దాకా, ఒంటి మీద ఉంచుకునే క్రీములకి 2029 దాకా, మేకప్‌కైతే ఏకంగా 2035 దాకా గడువు. నీళ్లలో కరిగే పాలిమర్లు మొదటే లెక్కలోంచి తప్పుకున్నాయి. ఇక మన కథానాయకుడి సంగతి చూడండి. వాడకంలో నలుసు రూపం శాశ్వతంగా పోగొట్టుకుని పొరగా మారిపోయే సరుకుకి అమ్మకపు నిషేధం వర్తించదు, లెక్కలు మాత్రం అప్పజెప్పాలి. సీసాలో ఉండగా అనుమానితుడు, మన బుగ్గ మీద ఆరగానే నిర్దోషి. అంతటి జామీనుదారు బుగ్గ ఇంకే కోర్టులోనూ దొరకదు. రాత్రి ముఖం కడిగాక ఆ పొర ముక్కలు మూసీలోకో కృష్ణలోకో ప్రయాణం కడతాయి. వీటిలో చాలావాటికి త్వరగా కుళ్లే గుణం లేదు. బూచి చూపించాలంటే అక్కడ చూపించండి, కాస్త అర్థం ఉంటుంది.

కడగడం కూడా అంత తేలిక కాదు. ట్రైమిథైల్‌సిలాక్సీసిలికేట్ లాంటి సిలికోన్ రెసిన్ పొర సబ్బు నీళ్లకి చలించదు, గట్టిగా రుద్దితే చర్మమే ఎర్రబడుతుంది. అందుకే నిలబెట్టే సీసా అమ్మినవాళ్లే తుడిచే సీసా కూడా అమ్ముతున్నారు, దాని ధర కొన్నిచోట్ల మొదటిదానికి తీసిపోదు. ఆ పొర లొంగేది నూనెకి. మొటిమల బాధ లేని ముఖమైతే వంటింట్లో కొబ్బరినూనె చాలు, మెల్లగా రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు. కనురెప్పల వెంట్రుకల చుట్టూ గొట్టాల్లా అల్లుకునే రకం మస్కారాకైతే నూనె కూడా అక్కర్లేదు, గోరువెచ్చటి నీళ్లలో నానితే గొట్టాలకి గొట్టాలే జారి వచ్చేస్తాయి. ఈ చిట్కా ప్రకటనలో చెబితే రెండో సీసా ఎవరు కొంటారు చెప్పండి.