వినండి, ఎక్కించకండి

ఇంట్లో రెండు కంప్యూటర్లు. పడగ్గదిలో ఉన్నదాంట్లో పాటలు, హాల్లో ఉన్నదానికి సీడీ రైటర్. పాటలు మీవే, రైటర్ మీదే, రెంటినీ కలిపిన కేబుల్ కూడా మీ డబ్బుతో కొన్నదే. అయినా ఆ పాటల్ని హాల్లో కూర్చుని సీడీకి ఎక్కించే యోగ్యత మీకు లేదని 2003లో యాపిల్ తేల్చేసింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఐట్యూన్స్ 4లో పక్క కంప్యూటర్ పాటల్ని ఇక్కణ్ణుంచే వినే సదుపాయం పెట్టారు. వినడం వరకే. జాబితా అంతా తెరమీద కనిపిస్తుంది, నొక్కితే మోగుతుంది, బర్న్ చేయబోతే మాత్రం కుదరదు. వంటింట్లో గుత్తివంకాయ కూర వాసన హాల్లోకి రావచ్చు గానీ కంచంలోకి రాకూడదన్నమాట.

‘రిప్, మిక్స్, బర్న్’ అంటూ 2001లో ఊదరగొట్టిన కంపెనీ కూడా ఇదే. ఏ గదిలో కూర్చుని బర్న్ చేయాలో ఆ ప్రకటనల్లో చెప్పడం మరిచారు కాబోలు.

ఈ నిషేధం వెనక ఏదో సాంకేతిక కారణం ఉండే ఉంటుందని నమ్మే మంచివాళ్లుంటారు. డేటా సమయానికి అందక లేజర్ ఆగిపోతే సీడీ పాడవుతుంది కదా అంటారు. ఒకప్పుడు అలా పాడైన మాట నిజమే, అవి టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికి తప్ప పనికొచ్చేవి కావు. ఆ బెడద తీర్చే బర్న్-ప్రూఫ్‌ను శాన్యో 2000లోనే తెచ్చింది. పైగా లెక్క చూడండి. ఆడియో సీడీకి మామూలు వేగంలో సెకనుకు సుమారు 176 కిలోబైట్లు కావాలి. ఎనిమిది రెట్ల వేగంతో రాసినా ఒకటిన్నర మెగాబైట్లు దాటదు. కేబుల్ మీద వచ్చే ఎంపీ3 ఫైలు అందులో పదో వంతు. 100 మెగాబిట్ల కేబుల్‌కు అది ఏ మూలకి?

కాబట్టి ఇబ్బంది కేబుల్‌ది కాదు, మీది. మీరు దొంగ కావచ్చు.

పోనీ, దొంగలు ఆగారా? ఐట్యూన్స్ స్టోర్‌లో 99 సెంట్లు పెట్టి కొన్న పాటకు ఫెయిర్‌ప్లే అనే తాళం ఉండేది. మొదట మూడు, తర్వాత ఐదు కంప్యూటర్లలోనే అది మోగేది. ఆ పాటనే ఖాళీ సీడీకి ఎక్కించి, మళ్లీ కంప్యూటర్‌లోకి లాక్కుంటే తాళం ఊడిపోయేది. ఇది కనిపెట్టడానికి హ్యాకర్ అక్కర్లేదు, ఖాళీ సీడీ కొనే స్తోమత చాలు. ఒకే జాబితాను పదిసార్లు బర్న్ చేసుకోనిచ్చి, 2004లో దాన్ని ఏడుకు కుదించారు. జాబితాలో పాటలు అటూ ఇటూ మార్చితే లెక్క మళ్లీ మొదటికొచ్చేది! ఇక పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరిచి ఫైలు కాపీ చేసుకునేవాణ్ణి ఆపిందెవరు? ఎవరూ లేరు. రూలు పాటించి మర్యాదగా మెనూలో బర్న్ నొక్కినవాడే ఆగిపోయాడు.

క్యాసెట్ల రోజుల్లో మన ఊళ్లలో రికార్డింగ్ షాపుకి పాటల చీటీ ఇస్తే అరవై నిమిషాల క్యాసెట్ నింపి ఇచ్చేవాడు. అది వ్యాపారం, అనుమతి లేని వ్యాపారం. అతని మీద పాటల కంపెనీలకు ఒళ్లు మండిందంటే అర్థముంది. సొంత పాటను పడగ్గది నుంచి హాల్లోకి తెచ్చుకునే మనిషిని కూడా అతని పక్కనే నిలబెడితే ఎలా?

బ్రిటన్‌లో ఈ అనుమానం ఇంకా ముదిరింది. డబ్బిచ్చి కొన్న సీడీని సొంత కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం అక్కడ కాపీరైట్ ఉల్లంఘన. 2014 అక్టోబర్ 1 నుంచి అది తప్పు కాదని ప్రభుత్వం రూలు మార్చింది. సంగీత సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రభుత్వం చూపిన ఆధారాలు చాలవని 2015 జులైలో హైకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. సొంత సీడీ విషయంలో ఒక దేశం తొమ్మిదిన్నర నెలలపాటు మచ్చలేని బతుకు బతికింది.

ఇంట్లో ఐదు కంప్యూటర్ల మధ్య పాటలు కాపీ చేసుకోవచ్చని యాపిల్ 2009లో, హోమ్ షేరింగ్ పేరుతో, ఒప్పుకుంది. ఆరేళ్లు ఆలోచించారు. అంతకు ఏడాది ముందే సీడీ డ్రైవ్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ అమ్మకానికొచ్చింది. డ్రైవ్ లేదని బెంగపడొద్దు, పక్క కంప్యూటర్ డ్రైవ్‌ను నెట్‌వర్క్ మీద వాడుకోండి, దాని పేరు రిమోట్ డిస్క్ అన్నారు. ఆ రిమోట్ డిస్క్‌తో పాటల సీడీ వినడం కుదిరేది కాదు, సినిమా డీవీడీ చూడటం కుదిరేది కాదు, ఖాళీ సీడీకి రాయడం అసలే కుదిరేది కాదు. అవన్నీ కావాలంటే విడిగా తగిలించుకునే డ్రైవ్ ఉండేది, అప్పట్లో 99 డాలర్లు.