ఆదివారపు ఆహ్వానపత్రిక: కుర్చీసంజీవనీ వ్యాఖ్యాసహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ వ్యాఖ్యానం మొదలుపెట్టాడాయన. నాకంత నిగ్రహం లేదు. పైగా నా చేతికి దొరికిన మూలం కావ్యమూ కాదు, ఒక ఆహ్వానపత్రిక. హైదరాబాదులో సాహిత్య, సాంస్కృతిక సంఘాల వాళ్ళు వారం వారం అచ్చువేయించి, ఫ్లెక్సీ కట్టించి, వాట్సాప్‌లో వదిలే ఈ నాలుగు పంక్తుల వాఙ్మయానికి ఇంతవరకూ టీక లేకపోవడం తెలుగువారికి తీరని లోటు. ఆ లోటు పూడ్చడానికే ఈ కుర్చీసంజీవని. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముఖ్య అతిథి ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారన్న ప్రకటన వింటూ రాసింది కనుక ఆ పేరు పెట్టాను.

మూలం

“ఆదివారం సాయంత్రం సరిగ్గా 6 గంటలకు కవితాసంపుటి ఆవిష్కరణ సభ. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథులు, ఆత్మీయ అతిథులు ప్రసంగిస్తారు. అనంతరం కూచిపూడి నృత్యం. ప్రవేశం ఉచితం. అందరూ ఆహ్వానితులే. సభకు ముందు తేనీరు.”

(సంస్థ పేరు, హాలు పేరు, అతిథుల పేర్లు గ్రంథవిస్తరభీతిచేత వదిలేశాను. భీతి గ్రంథవిస్తరం వల్లనేనా అని అడగవద్దు.)

ప్రతిపదార్థం

ఆదివారం = నెల ముందు హాలు దొరికిన రోజు; సాయంత్రం = మధ్యాహ్నపు కునుకు తీశాక; సరిగ్గా = దరిదాపుల్లో; 6 గంటలకు = ఆరు దాటాక; సభాధ్యక్షులు = ‘సమయాభావం వల్ల’ అన్న మాటతో మొదలుపెట్టి సమయాన్ని అభావం చేసేవారు; ముఖ్య అతిథి = చివర వచ్చి ముందు వెళ్ళేవారు; విశిష్ట అతిథి = ముఖ్య అతిథి రాకపోతే ముఖ్య అతిథి అయ్యేవారు; గౌరవ అతిథులు = హాలు అద్దెలో చెయ్యి వేసినవారు; ఆత్మీయ అతిథులు = కార్డులో పేరు లేకపోతే అలిగేవారు; అనంతరం = ఆకలి వేళకు; ప్రవేశం = లోపలికి రావడం; ఉచితం = ఉచితమే; అందరూ = అందరూ; ఆహ్వానితులే = రావలసినవారే; తేనీరు = టీ, ఒక్కోసారి దాంతో ఉస్మానియా బిస్కెట్టు.

పాఠాంతరాలు

‘6 గంటలకు’ అన్నది ముద్రిత ప్రతి పాఠం. ఫ్లెక్సీ ప్రతిలో ‘5.30’ అని ఉంది. వాట్సాప్ ప్రతిలో ‘6 షార్ప్’ అని ఉంది. ఏది సాధువు అని శిష్యులు అడుగుతారు. మూడూ సాధువులే. ఏ ఒక్కటీ ఎవరికీ హాని చేయలేదు.

‘సరిగ్గా’ అన్న పదం మీద విచారణ

గంగలో పల్లె ఉందంటే పల్లె నీళ్ళలో ఉందని కాదు, ఒడ్డున ఉందని అర్థం చేసుకోవాలని అలంకారశాస్త్రం చెబుతుంది. దాన్ని లక్షణ అంటారు. ‘సరిగ్గా 6 గంటలకు’ కూడా అలాంటిదే. సభ ఆరు గంటల్లో ఉండదు, ఆరు గంటల ఒడ్డున ఉంటుంది. ఒడ్డు ఎంత వెడల్పు అన్నది ముఖ్య అతిథి ఇల్లు కూకట్‌పల్లిలోనా, కొత్తపేటలోనా అన్నదాన్ని బట్టి మారుతుంది.

ఈ ఊళ్ళో సరిగ్గా వేళకు జరిగే ప్రదర్శన ఏదీ లేదా అని శంక. ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ఉంది. గంట కొట్టే వేళకు అందులోంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్ళిపోతాడు. శాలువా అడగడు, నాలుగు మాటలు మాట్లాడతాననడు. పన్నెండింటికి ఆ బొమ్మను చూడడానికి పిల్లాపాపలతో జనం గుంపులు కట్టి నిలబడతారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆదివారం మాత్రం బొమ్మ డ్యూటీలోనే ఉంటుంది. వేళ తప్పని కళాకారుణ్ణి చూడాలనుకునేవారు అక్కడికి వెళ్ళవచ్చు.

అయితే ఆలస్యం దోషమే అని తేల్చేయడం తొందరపాటు. కార్డులో లేని సభ ఒకటి ఆ ఆలస్యపు ముప్పావుగంటలోనే జరుగుతుంది. హాలు మెట్ల దగ్గర, టీ గ్లాసులు పట్టుకుని. ఒకాయన సంచిలోంచి వచ్చే ఆదివారం జరిగే సభ కార్డులు తీసి పంచుతుంటాడు. ఇంకొకావిడ పద్యం పాడే పిల్లల కోసం వెతుకుతుంటుంది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు ఆ ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారపు పాత పుస్తకాల్లో దొరికిన పుస్తకాన్ని అట్ట కనపడేలా పట్టుకుని తిరుగుతుంటారు, ఎవరైనా అడగాలని. అడగండి. ఈ ఊళ్ళో కళలు, సంఘాలు, సభలు ఎక్కడెక్కడ ఏం జరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు. ఒక కార్డు పట్టుకుని వెళితే మూడు కార్డులతో బయటికి వస్తాం.

అతిథి ప్రకరణం

దీన్ని త్వరగా ముగిస్తాను, అతిథులు ముగించరు కనుక.

అష్టావధానంలో ‘అప్రస్తుత ప్రసంగం’ అని ఒక అంశం ఉంటుంది. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి ఒక పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. దానికి ఒక్కరినే నియమిస్తారు, ఆయన పనేమిటో ముందే చెబుతారు, అవధాని చమత్కారంగా జవాబిస్తే సభ నవ్వుతుంది. ఆవిష్కరణ సభలో ఆ అంశాన్ని నియామకం లేకుండా నలుగురైదుగురు నిర్వహిస్తారు. పుస్తకం ఇంకా చదవలేదని వినయంగా ఒప్పుకుని, తమ పుస్తకం గురించి మాట్లాడతారు. కవికి మైకు వచ్చేసరికి తొమ్మిది కావస్తుంది, వాచ్‌మన్ తాళాలు ఆడిస్తుంటాడు.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం చెప్పక తప్పదు. 1921 నవంబరులో ఇదే హైదరాబాదులో, వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షత కార్వే మహాశయుడిది. ఆ వేదిక మీద ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి మాట్లాడనివ్వలేదు. మనసు నొచ్చుకున్న తెలుగువాళ్ళు కొందరు కలుసుకుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట కూర్చోవడానికి చోటు వెతుక్కున్న ఊరిది. నూరేళ్ళు గడిచాయి. ఇప్పుడు వేదికెక్కి తెలుగు మాట్లాడేవారిని ఆపడం ఎవరివల్లా కావడంలేదు. నాకు విసుగు వచ్చినప్పుడల్లా ఆ 1921 సభను తలుచుకుని ఇంకో పది నిమిషాలు ఓర్చుకుంటాను. పదకొండో నిమిషానికి చరిత్ర కూడా అక్కరకు రాదు.

‘అందరూ ఆహ్వానితులే’ అన్న మహావాక్య విచారం

ఇది పత్రికకు గుండెకాయ. పూర్వపక్షం మా మేనల్లుడిది. వాడిది గచ్చిబౌలి.

“మామయ్యా, ఈ ఊళ్ళో శని ఆదివారాలు చేయడానికేముంది? మాల్, సినిమా, బిర్యానీ. అంతేగా?”

“మొన్న నీకు కార్డు పంపాను కదరా.”

“అది మీవాళ్ళకి కదా. నన్నెవరు పిలిచారు?”

ఇదీ పూర్వపక్షం. నగరంలో ఇది బలమైన మతమే, దీనికి లక్షల్లో అనుయాయులున్నారు. సిద్ధాంతం ఇలా చెబుతున్నాను. కార్డులో ‘సరిగ్గా’కు లక్షణ చెప్పుకున్నాం. ‘ఆత్మీయ’కు వ్యంగ్యం చెప్పుకున్నాం. కానీ ‘అందరూ’ అన్న పదానికి మాత్రం వాచ్యార్థమే. తిప్పి తిప్పి చూసినా అందరూ అంటే అందరూనే. గుమ్మం దగ్గర ఎవరూ నిలేసి నువ్వెవరని అడగరు. అడిగేది ఒక్కటే, “టీ తాగారా అండీ?”

ఇక ‘చేయడానికేముంది’ అన్న ఆక్షేపణకు సమాధానం. సైఫాబాద్‌లో రవీంద్రభారతి ఉంది. ఠాగూరు శతజయంతి వేళ, 1961లో కట్టారు. అదే ప్రాంగణంలో పైడి జైరాజ్ పేరిట చిన్న ప్రివ్యూ థియేటరు కూడా ఉంది. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి వెళ్ళి మూకీల కాలంలోనే హీరో అయి, ఫాల్కే అవార్డు అందుకున్నవాడు జైరాజ్. ఆయన పేరున్న ఆ థియేటర్లో ‘సినివారం’ అని శనివారాలు కుర్రవాళ్ళు తీసిన చిన్న సినిమాలు వేసే పద్ధతి పెట్టారు. చిక్కడపల్లికి వెళితే త్యాగరాయ గానసభ. పాటలు, నాటికలు, హరికథలు, సన్మానాలు, అన్నీ అక్కడే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రంలో పుస్తకం, వాదం, సంస్మరణ. వాదం కొంచెం ఎక్కువపాళ్ళు. బంజారాహిల్స్ సందుల్లో లామకాన్ ఉంది, 2010 నుంచి. ఒకరి ఇల్లు అది. రాతిగుట్టను ఆనుకున్న ఆరుబయట మెట్ల మీద కూర్చుని ముషాయిరా వినవచ్చు, నాటకం చూడవచ్చు, ఏమీ లేకపోతే సమోసా తినవచ్చు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ఒక బల్ల దగ్గరే వినపడతాయి. వ్యాఖ్యాతగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదేనని చెప్పడానికి సంకోచం లేదు.

సభలంటే పడని వాళ్ళకు రాళ్ళున్నాయి. ఈ ఊరి చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల వయసు రెండువందల యాభై కోట్ల ఏళ్ళంటారు భూగర్భ శాస్త్రజ్ఞులు. వాటిని క్వారీల నుంచి కాపాడాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అన్న సంఘం ఏళ్ళ తరబడి పాటుపడుతోంది. జనాన్ని వెంటబెట్టుకుని ఆ గుట్టల్లో నడిపిస్తుంది కూడా. అక్కడ అధ్యక్షోపన్యాసం ఉండదు. ఎండ ఉంటుంది, టోపీ పెట్టుకోవాలి.

మా మేనల్లుడికి అన్నిటికన్నా దగ్గర శిల్పారామం. వాడి ఆఫీసుల నడుమనే ఉంది. ప్రవేశానికి టికెట్టుంది, కాబట్టి ‘ఉచితం’ అన్న పదం ఇక్కడ వర్తించదు. చేర్యాల నకాషీ బొమ్మల దుకాణం కనిపిస్తే ఆగి చూడాలి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పట్టించి, ఆరాక దాని మీద ఎర్రటి నేల పరిచి కథంతా బొమ్మలుగా రాస్తారు. కులపురాణాలు చెప్పేవాళ్ళ కోసం పుట్టిన మూరల కొద్దీ పటం అది. ఇప్పుడు డ్రాయింగ్ రూముకు సరిపోయేలా జానెడు అయింది. ఇంకొంచెం ముందుకు శేరిలింగంపల్లి వెళితే సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టిన కుటుంబాల వారసులు అక్కడున్నారు. వాళ్ళ పౌరాణికంలో బాణానికి బాణం ఎదురెళ్ళి గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తుంది. తీగ మీద నడుస్తోందని తెలిసినా చెయ్యి చప్పట్లకు లేస్తుంది. మేనల్లుడి ఫ్లాటు నుంచి అక్కడికి వెళ్ళేంత సేపట్లో వాడి మాల్‌లో పార్కింగు కూడా దొరకదు.

‘అనంతరం’ అన్న పదం

కార్డులో అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉన్నది, ‘అనంతరం కూచిపూడి నృత్యం’. వ్యాఖ్యాతలు ఇక్కడికొచ్చేసరికి అలసిపోయి ‘స్పష్టం’ అని రాసి వదిలేస్తారు. నేను వదలను. అతిథులు వెళ్ళిపోయారు, వాళ్ళతో వచ్చినవాళ్ళూ వెళ్ళిపోయారు, సగం కుర్చీలు ఖాళీ. పదహారేళ్ళ పిల్ల సాయంత్రం నాలుగింటి నుంచి ఆహార్యం కట్టుకుని పక్క గదిలో కూర్చుంది, నీళ్ళు తాగితే రంగు చెడుతుందని తాగకుండా. ఇప్పుడు వేదిక మీదికి వచ్చి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడింది. తరంగం మొదలైంది. పాదాల వేళ్ళు అంచును బిగించి పట్టుకున్నాయి. నట్టువాంగం దెబ్బకు ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. పళ్ళెం చెక్క మీద గీరుకుంటూ జానెడు జానెడు ముందుకు జరుగుతోంది. ఆ గీరుడు చప్పుడు మైకులో పడదు, ఫోను వీడియోలో దొరకదు, ముందు మూడు వరుసలవాళ్ళకు మాత్రమే వినపడుతుంది. ఆ వరుసలు ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి. వెనకనుంచి లేచి వచ్చి కూర్చోవచ్చు. ‘రిజర్వుడు’ అని కాగితం అంటించిన సోఫాలైనా సరే, తొమ్మిది దాటాక ఆ శాసనం చెల్లదు.

తాత్పర్యం

పాఠకులకు నా మనవి. కార్డు వస్తే వెళ్ళండి. ఆరుకు కాక ఆరుంబావుకు వెళ్ళండి, టీ దొరుకుతుంది. నృత్యం అయ్యేదాకా లేవకండి. వెళ్ళేటప్పుడు గుమ్మం పక్క బల్ల మీద పెట్టిన ఆ కవితాసంపుటి ఒకటి కొనండి. డబ్బులు ఇచ్చే కొనండి. కవి మొహమాటపడి ఊరికే ఇవ్వబోతే తీసుకోకండి. అచ్చు ఖర్చు ఆయనదే, హాలు అద్దె ఆయనదే, అతిథుల శాలువాలు కూడా ఆయనవే.