డిష్ బిల్లు మిగిల్చిన మొనగాళ్లు

సుల్తానాబాద్‌లో పొదుపు ఉద్యమం జోరుగా నడుస్తోంది. రాజీవ్ రహదారికి ఆ పక్క, ఈ పక్క, రైస్‌మిల్లుల వెనక సందుల్లో, కొత్తగా లేచిన కాలనీల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "డిష్ తీసేసినం అన్నా. నెలకు మూడొందలు ఉత్తగ పోతుండె." ఈ మాట అనేటప్పుడు మనిషి ఓ రెండంగుళాలు ఎత్తు పెరుగుతాడు. ఆయన వెనక గోడ మీద టీవీ అంతకంటే ఎక్కువ పెరిగి ఉంటుంది. పోయిన దసరా దాకా అక్కడ ముప్ఫై రెండంగుళాలది ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ పది శాతం చేజారిపోతుందేమోనని మనవాడు మిగతాదంతా వాయిదాల్లో రాసిచ్చి వచ్చాడు. ఇక ఇంత పెద్ద టీవీకి పాత డిష్ వైరు, అంటే కేబుల్, పెడితే నలుగురూ నవ్వరూ? అందుకే వైఫై.

లెక్క తీద్దాం. మిగిల్చానని సంబరపడేవాడి ముందు లెక్క తీయడం మర్యాద కాదు గానీ, వ్యంగ్యం రాసేవాడికి మర్యాద ఏం తెలుసు?

వైఫైలో చవక ప్యాకేజీ 399 అని గోడ మీద రాసి ఉంటుంది. గోడ మీద జీఎస్టీ రాయరు. కలిపితే 470 రూపాయల 82 పైసలు, ఏడాదికి 5,650. సినిమాలకు అమెజాన్ ప్రైమ్, ఏడాదికి 1,499. 2025 జూన్ 17 నుంచి వాళ్లు సినిమా మధ్యలో ప్రకటనలు దూర్చారు, అవి వద్దంటే ఇంకో 699. చూపించమని ఒకసారి, చూపించవద్దని ఇంకోసారి డబ్బు కట్టడం మన పూర్వీకుల ఊహకు అందని విషయం. క్రికెట్‌కు, సీరియళ్లకు జియో హాట్‌స్టార్, 2025 ధరల్లో రెండు తెరల ప్యాకేజీ ఏడాదికి 899. పట్నంలో చదివే పిల్లాడు సెలవులకు వచ్చి తగిలించిపోయిన నెట్‌ఫ్లిక్స్, టీవీలో చూడాలంటే తక్కువలో తక్కువ నెలకు 199, అంటే 2,388. మొత్తం 11,135. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5 ఇందులో లేవు. వాటిని కూడా కలిపితే ఇంటి యజమానికి బీపీ మాత్రల ఖర్చు కూడా కలపాల్సి వస్తుంది.

డిష్‌కు నెలకు మూడొందల చొప్పున ఏడాదికి 3,600. ఆ లెక్కన ఈ మొనగాడు ఏటా మిగిలిస్తున్నది 7,535 రూపాయలు. మిగులుతున్నది తనకు కాదు, అంతే తేడా.

వైఫైని టీవీ ఖాతాలో రాయడం అన్యాయం, అది పిల్లల చదువుకు అంటారు. ఒప్పుకుందాం. పిల్లలు రాత్రి పదకొండు దాకా రీల్స్ చదువుతూనే ఉన్నారు. వైఫై తీసేసి చూసినా 5,485 తేలుతుంది. అయినా డిష్ కంటే ఎక్కువే.

ఇంట్లో వైఫై ఉంది గదా, ఫోన్ రీఛార్జి ఎందుకూ అని అడిగారా? పొలం కాడ వైఫై రాదు. నెలకు 299. నెలకు అనగానే మీరు ముప్ఫై రోజులు అనుకున్నారు చూడండి, అక్కడే దొరికిపోయారు. మన పంచాంగంలో అధికమాసం దాదాపు మూడేళ్లకోసారి వస్తుంది. కంపెనీ పంచాంగంలో నెలకు 28 రోజులు, ఏడాదికి 13 నెలలు, అధికమాసం ఏటేటా. ముప్ఫై రోజుల రీఛార్జి ఒక్కటైనా పెట్టండయ్యా అని 2022లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాల్సి వచ్చింది. పెట్టారు. ఎక్కడుందో వెతికి పట్టుకున్నవాడికి సన్మానం చేయాలి.

ఇంత పోతున్నా ఎవరికీ నొప్పి లేదు, ఎందుకంటే మొత్తం ఒక్కచోట కనపడదు. ఒకటి మూడో తారీఖున పోతుంది, ఒకటి పదిహేడున, ఒకటి ఉగాదికి, ఒకటి ఎప్పుడు పోతుందో ఆ బ్యాంకుకే తెలియాలి. డిష్ పైసలు అట్లా పోయేవి కావు. ఆదివారం పొద్దున డిష్ అన్న బండి వేసుకుని వచ్చేవాడు. గేటు కాడ నిలబడి "అవ్వా, డిష్ బిల్లు" అనేవాడు. అవ్వ ముందు తన ఫిర్యాదులు చెప్పేది: "మొన్న రెండొద్దులు బొమ్మనే రాలే, దేనికియ్యాలె పైసలు?" ఆయన ట్రాన్స్‌ఫార్మర్ మీద నెపం పెట్టేవాడు. ఆమె వినేది కాదు. అక్కడ కాసేపు ప్రజాస్వామ్యం నడిచేది. చివరికి "వడ్ల పైసలు పడ్డంక తీస్కపో బిడ్డా" అంటే సరేనని పుస్తకంలో గీత పెట్టుకుని పోయేవాడు. ఐకేపీ సెంటర్లో వడ్లు కాంటా అయ్యి, లారీ ఎక్కి, మిల్లుకు చేరి, ఖాతాలో పైసలు పడేదాకా ఆ గీత అట్లాగే ఉండేది. ఒక నెల తప్పిందని వైరు కోసిన డిష్ అన్నను నేను చూడలేదు. మూడు నెలలు తప్పితే కోసేవాడు. కోసి, ఆ సాయంత్రం మళ్లీ తనే వచ్చి అతికేవాడు.

ఆటోపేకు ఐకేపీ సెంటర్ తెలియదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం పైసలు కోసుకునే ముందు రోజు ఫోన్‌కు మెసేజ్ పంపిస్తారు. ఇంగ్లిష్‌లో వస్తుంది. లోన్ ఇస్తామనే మెసేజ్‌కూ లాటరీ తగిలిందనే మెసేజ్‌కూ నడుమ బుద్ధిగా కూర్చుంటుంది. దానితో కొట్లాడదామంటే గేటు కాడ ఎవరూ ఉండరు.

అవ్వ సంగతి ఇంకా ఉంది. ఆమెకు కావాల్సింది రాత్రి ఎనిమిదింటికి కార్తీకదీపం సీరియల్. ఇదివరకు రిమోట్‌లో ఏ నంబరు నొక్కాలో ఆమె వేలికి తెలుసు. ఇప్పటి రిమోట్‌కు నంబర్లు లేవు. మనవడు దాన్ని నోటి దగ్గర పెట్టి "మాట్లాడు అవ్వా, అదే పెడ్తది" అని నేర్పి పోయాడు. అవ్వ రిమోట్‌ను గౌరవంగా రెండు చేతులా పట్టుకుని "కార్తీకదీపం పెట్టు బిడ్డా" అంది. టీవీ చాలా శ్రద్ధగా విని, కార్తీకమాసంలో దీపం ఎట్లా పెట్టాలో, వత్తులు ఎన్ని వేయాలో, ఏ దిక్కుకు తిప్పాలో నలభై నిమిషాల వీడియో పెట్టింది. అవ్వ చూసింది. ఏం చేస్తుంది మరి? మరునాడు పొద్దున పక్కింటామె నీళ్ల పంపు కాడ "రాత్రి కథ తెల్సా?" అని అడగలేదు, "ఇయ్యాల రాత్రికి ఏమైతదో తెల్సా?" అని అడిగింది. పైసలు ఎక్కువ కట్టినవాళ్లకు ఎపిసోడ్ టీవీ కంటే ముందే వస్తుందట. సీరియల్లో అత్త చేయబోయే కుట్ర కోడలికంటే ముందు మన వీధికి తెలిసిపోతోంది.

అయితే డిష్ అన్న పుణ్యాత్ముడు, అతని ధర ధర్మం అనుకుంటే పొరపాటు. మనవాళ్లు వైరు కోయడానికి ఊరికే కత్తి తీయలేదు. 2019 ఫిబ్రవరి 1న ఢిల్లీ నుంచి ఒక వరం వచ్చింది. చూసే ఛానళ్లకే డబ్బు కట్టండి, చూడనివాటికి కట్టకండి అంది ట్రాయ్. వినడానికి ఎంత చల్లగా ఉంది! ఏ ఛానలూ చూడకముందే వైరుకు 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆ పైన ఛానల్ ధర. 19 రూపాయలు దాటిన ఛానల్‌ను గుత్తిలో కలిపి అమ్మకూడదని హద్దు గీశారు. హద్దు గీసిన మరుక్షణం పేరున్న ఛానళ్లలో చాలావాటి విలువ సరిగ్గా 19 రూపాయలుగా తేలింది. అంతకుముందు 230, 240 కట్టే ఇంటికి పది పెద్ద ఛానళ్లు తీసుకుంటే 300 దాకా అవుతుందని రేటింగ్ సంస్థ క్రిసిల్ అప్పుడే లెక్క చెప్పింది. ఆ వరం రాకముందు ఆకుకూరల కట్టలా అన్నీ కలిపి అంత అని ఇచ్చేవాడు డిష్ అన్న. వరం వచ్చాక కాడకింత, ఆకుకింత. 2020లో 19ని 12 చేశారు. ఛానళ్ల యజమానులు కోర్టుల మెట్లెక్కారు. 2022 నవంబర్‌లో మళ్లీ 19. 2024లో ఆ 130 హద్దు కూడా ఎత్తేసి, ఎవరికి తోచినంత వాళ్లు తీసుకోండని చేతులు కడిగేసుకున్నారు. ఇంత మంది పెద్దలు ఇన్నేళ్లు మనకోసం కష్టపడ్డ తర్వాత డిష్ వదిలిపెట్టకపోతే బాగుండదు.

నిజంగా పైసా ఖర్చు లేకుండా టీవీ చూసే దారి దేశంలో 2004 డిసెంబర్ నుంచీ ఉంది. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్. గొడుగు, డబ్బా ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేది సున్నా. ఉత్తరాదిలో కోట్ల ఇళ్లు దాని మీదే నడుస్తున్నాయి, హిందీ సినిమాలూ సీరియళ్లూ కుప్పలు. మనకు అందులో యాదగిరి ఉంది, సప్తగిరి ఉంది. రెండు గిరులూ ఎక్కినా స్టార్ మా కనపడదు, జీ తెలుగు కనపడదు. ఉచితంగా చూడాలంటే ముందు హిందీ నేర్చుకోవాలన్నమాట. యాదగిరిలో వ్యవసాయ కార్యక్రమాలు బాగుంటాయని చెప్పి చూశాను. వడ్లు పండించేవాడు నన్ను ఎగాదిగా చూసి, పొద్దంతా చేసిందే రాత్రి మళ్లీ చూడాలా అన్నాడు. పైగా గొడుగు కప్పు మీద పెట్టాలి, కప్పు మన ఊళ్లో కోతుల సొత్తు. అవి దాన్ని ఊయల అనుకుంటాయి. పెద్దకోతి ఒకసారి ఊగి దిగిందంటే 93.5 డిగ్రీల దగ్గరున్న ఉపగ్రహం పోయి, డబ్బాకు శూన్యం తగులుతుంది.

గాలిలో కోతి, వీధిలో ట్రాక్టర్. మన వైఫై భూమిలోంచి రాదు. కరెంటు స్తంభం నుంచి స్తంభానికి, అక్కడి నుంచి ఇంటి పిట్టగోడకు వేలాడుతూ వస్తుంది. వరికోతలు అయ్యాక గడ్డి ట్రాక్టర్లు మొదలవుతాయి. ట్రాలీ మీద ఇల్లంత ఎత్తు గడ్డి, దాని నెత్తిన ఒక పిలగాడు, వాడి చేతిలో కొసన పంగ ఉన్న వెదురు కట్టె. వైరు రాగానే కట్టెతో ఎత్తాలి, ట్రాలీ దాటాక వదలాలి. ఈ వీధి ఇంటర్నెట్ అంతా ఆ పిలగాడి చేతిలో ఉంటుంది. వాడు ఒక్క నిమిషం ఫోన్ చూశాడా, వీధి వీధంతా ఫోన్ చూడలేదు. తెగిందని కస్టమర్ కేర్‌కు చేస్తే, హిందీ కోసం రెండు నొక్కమని, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని పాట వినిపిస్తారు. చివరికి జాయింట్ వేయడానికి బండి మీద ఎవరొస్తారు? డిష్ అన్న. ఊరికి వైఫై ఏజెంటు ఇప్పుడు ఆయనే. మనం ఆయన వైరు కోసి, ఆయన వైరే వేయించుకుని, మూడొందలు ఇచ్చే చేత్తో నాలుగు వందల డెబ్బై ఇస్తున్నాం. "గప్పుడు తిడ్తిరి గదనే" అని ఆయన నవ్వుతూనే అంటాడు. నవ్వడా మరి?

సర్కారు చూస్తూ ఊరుకోలేదు. ఆంధ్రలో 2017 డిసెంబర్‌లోనే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి 149కే అని ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి చేతులమీదుగా ప్రారంభించారు. మన దగ్గర మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ పరిచారు. 2024 డిసెంబర్‌లో మన పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌ను కూడా ప్రయోగానికి ఎంచుకుని, నెలకు మూడొందలకే ఇంటర్నెట్ ఇస్తామన్నారు. అడవి శ్రీరాంపూర్ వాళ్లను చూసి సుల్తానాబాద్ వాళ్లు కుళ్లుకోవడం చరిత్రలో అదే మొదటిసారి అయ్యుండాలి. నీళ్లూ నెట్టూ ఒకే కందకంలో వస్తున్నప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పైపు పగిలితే జేసీబీ వస్తుంది, జేసీబీ వస్తే రెండూ పోతాయి.

ఇక మాట్లాడకూడని పొదుపు ఒకటుంది. దాన్ని గురించి ఊళ్లో ఎవరికీ తెలియదు, అందరి ఫోన్లలోనూ ఉండేది. కొత్త సినిమాలను దొంగచాటుగా ఉచితంగా చూపించే ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడంటూ 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు, ఫేస్‌బుక్ నిండా సంతాపసభ జరిగింది. దొంగసొత్తుకు అంత మంది వారసులు బయటపడటం అరుదు. సినిమావాళ్లు తమ కష్టం దోచారని మొత్తుకున్నారు, అది నిజం. టికెట్‌కూ పాప్‌కార్న్‌కూ కలిపి కుటుంబానికి వెయ్యి దాటుతోందని జనం మొత్తుకున్నారు, అదీ నిజమే. మొత్తుకోవడంలో ఇద్దరూ సమానం, జైలుకు పోవడంలోనే తేడా.

ఈ రద్దీలో టీవీ డబ్బాల కంపెనీలు కూడా చిక్కిపోయాయి. 2019 ప్రాంతంలో దేశంలో ఏడు కోట్ల దాకా ఉన్న డీటీహెచ్ ఇళ్లు 2025కు ఆరు కోట్ల దిగువకు పడ్డాయి. పడ్డవాళ్లు ఊరుకుంటారా, కొత్త మందు కనిపెట్టారు. 2025 మార్చిలో ఎయిర్‌టెల్ ప్రకటించిన సరుకు అదే: వైఫై వైరులోనే 350 టీవీ ఛానళ్లు, కట్ట కట్టిన ఓటీటీలు, నెలకు 699 నుంచి మొదలు, జీఎస్టీ అదనం. ఇప్పుడు ప్రతి కంపెనీకీ అలాంటిదొకటి కావాలి, ప్రతి ఊళ్లో దాన్ని మోసేవాడొకడు కావాలి.

అందుకే మొన్న ఆదివారం డిష్ అన్న మళ్లీ గేటు కాడికి వచ్చాడు. చేతిలో రంగుల కాగితం.

"అవ్వా, కొత్త స్కీమ్ అచ్చింది. అన్ని ఛానళ్లు ఒక్క వైర్లనే. కార్తీకదీపం ఎనిమిదింటికి ఎనిమిదింటికే. నంబర్ల రిమోట్ సుత ఇస్త."

"గదే డిష్ గదరా?"

"డిష్ కాదవ్వా, ఐపీటీవీ."

"ఎంత?"

చెప్పాడు. అవ్వ లోపలికి తిరిగి, పొదుపు చేస్తున్న కొడుకును పిలిచింది.