చుట్టాలతో స్లాబ్ వేయించుకునే పద్ధతి

ముందుగా ఒక బావమరిదిని సంపాదించండి. సిమెంటు తర్వాతైనా దొరుకుతుంది. తొర్రూరులో ఆయనకు తెలియని వాళ్లుండరు. ఆకేరు ఇసుక ట్రాక్టర్లు, సలాకల దుకాణం, సెంట్రింగ్ పిల్లలు, అన్నీ ఆయన ఫోన్‌లోనే ఉంటాయి. ఏది ఎప్పుడొస్తుందో మాత్రం ఆయనకూ తెలియదు.

ముగ్గు పోసే రోజు ఇంజనీరు గీసిన ప్లానును బీరువాలో పెట్టి తాళం వేయండి. పొద్దున చిన్నాయన వచ్చి ఈశాన్యం తెగిందంటాడు. మధ్యాహ్నం మేనమామ వచ్చి నైరుతి పెరిగిందంటాడు. ఇద్దరి మాటా వినండి. నేను విన్నాను. ఇప్పుడు మా వంటింటి తలుపు తీసి ఉంటే ఫ్రిజ్ తెరుచుకోదు, ఫ్రిజ్ తెరిస్తే తలుపు కదలదు.

పైసల సంగతి. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో పేరొస్తే 5 లక్షలు విడతలవారీగా వస్తాయి. బేస్‌మెంట్‌కు కొంత, గోడలకు కొంత, స్లాబ్‌కు కొంత, అంతా అయ్యాక మిగిలింది. సర్కారు పని చూసి పైసలిస్తుంది, చుట్టాలు పైసలివ్వకుండా పని చూస్తారు. ఇల్లు 600 చదరపు అడుగులు దాటొద్దు. సలహాలకు ఆ హద్దు లేదు.

ఇక స్లాబ్ రోజు. తెల్లారి ఆరింటికే మిల్లర్ తిరగాలి, పొయ్యి మీద మటన్ ఉడకాలి. కంకర జారట్లేదని మీ తమ్ముడి వరసవాడొకడు మిల్లర్‌లో బకెట్ నీళ్లు గుమ్మరిస్తాడు. 50 కిలోల బస్తాకు 30 లీటర్లు దాటితే స్లాబ్ బలం తగ్గుతుందని వాడికెవరూ చెప్పలేదు. మేస్త్రీ వాడివైపు చూడడు, మీవైపే చూస్తాడు. అప్పుడు మీరు ఆకాశంకేసి చూడండి. మా స్లాబ్‌కు తట్టలు అందుకున్న చుట్టాలు ఆరుగురు, లేచిన విస్తళ్లు నలభై మూడు. కల్లు సీసాలు నేను లెక్కపెట్టలేదు.

మర్నాడు స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. 21 రోజులు తడి ఆరొద్దని మేస్త్రీ మాట. ఈ పనికి దావత్ లేదు, అందుకే పైపు మీ చేతికే వస్తుంది. మూడో రోజు బావమరిదికి ఫోన్ చేశాను.

"పొలంకాడున్న బావా!"

వెనక పెళ్లి బ్యాండు వినిపిస్తోంది. వరిచేలోకి బ్యాండెలా వచ్చిందని అడగకూడదు. ఇంకా దర్వాజలకు రంగులేయాల్సి ఉంది, మనిషితో పని పడుతుంది.

పదకొండో రోజు పొద్దున్నే ఆయనే వచ్చాడు. మెట్లు కట్టలేదు గదా, నిచ్చెనెక్కి పైకొచ్చాడు. పైపు అందిస్తాడేమోనని చెయ్యి చాపాను. చేతిలో స్వీట్ డబ్బా పెట్టాడు.

"నాకూ ఇల్లు మంజూరైంది బావా. ఎల్లుండి ముగ్గు. నువ్వు రాకుంటె ఎట్లనే?"

పోయాను. చేతులు వెనక్కి కట్టుకుని ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఈశాన్యం కొంచెం తెగినట్టే ఉంది.