అదృశ్య స్వామికి దండకం

స్టెల్త్ విమాన స్వామీ! కకిరిగుమ్మ నుంచి నీకు శతకోటి దండాలు. మా ఊరికి కోరాపుట్-రాయగడ బండి వస్తోందంటే ముందే కూత వినిపిస్తుంది. ఎంత మోటుతనం! నీకా అవలక్షణం లేదు. రాడారుకు కనపడవు, బడ్జెట్‌కు తప్ప ఇంకెవరికీ కనపడవు.

నీ దయ ఎంతని పొగడను? రష్యాతో కలిసి నిన్ను చేయించుకుందామని 2010లో మన ప్రభుత్వం వారు ముందుగా ఒప్పుకున్న మొక్కుబడి 29.5 కోట్ల డాలర్లు. 2018కల్లా ఆ పని వదులుకుని ఇంటికొచ్చారు. దర్శనమివ్వకుండానే దక్షిణ పుచ్చుకోవడం ఎంతటి దేవుడికైనా చేతనవుతుందా?

ఇక నీ సుకుమారం చూడాలి. బి-2 బాంబర్ అవతారంలో వానకూ, వేడికీ, తేమకూ నీ ఒళ్ళు పాడవుతోందని 1997లో అమెరికా ఆడిటర్లే రాశారు. అభివృద్ధి ఖర్చు కలిపితే ఒక్కొక్కటి 200 కోట్ల డాలర్లు దాటిన ఒళ్ళు మరి, చెమ్మ తగిలితే ఊరుకుంటుందా! 2008 ఫిబ్రవరిలో గువామ్ దీవిలో గాలిని కొలిచే సెన్సర్లలోకి తేమ చేరింది. కంప్యూటర్ తప్పు లెక్క కట్టింది. నేల విడుస్తూనే నువ్వు కూలిపోయావు. పైలట్లిద్దరూ బతికారు, అది వాళ్ళ పుణ్యం. మా సంతలో అల్లం అమ్మే ముసలమ్మ జడివాన వస్తే కుప్ప మీద టార్పాలిన్ లాగి, తెరిపివ్వగానే మళ్ళీ బేరానికి దిగుతుంది. ఆవిడకి నీ నాజూకు తెలీదులే.

మలయాళ దేశం మీద నీ మమకారమూ లోకానికి తెలుసు. 2025 జూన్ 14న బ్రిటన్ వారి ఎఫ్-35బి రూపంలో తిరువనంతపురంలో దిగి, జులై 22 దాకా కదల్లేదు. మన సీఐఎస్ఎఫ్ జవాన్లు కాపలా కాశారు. కేరళ పర్యాటక శాఖ నిన్ను తన ప్రకటనలోకే ఎక్కించుకుంది. అంతకుముందు 2023 సెప్టెంబరులో దక్షిణ కరోలినాలో పైలట్ దూకేశాక నువ్వెక్కడున్నావో నీ సొంతదార్లకే తెలియలేదు. 'ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి' అని జనాన్ని బతిమాలుకున్నారు. ఇంతకు మించిన అదృశ్య విద్య ఉంటుందా? 1999లో సెర్బియా వాళ్ళు మాత్రం అరవైల నాటి క్షిపణితో నీ ఎఫ్-117ను కొట్టేశారు. పాపం, పాతకాలపు వాళ్ళు, నీ మహిమ చదువుకోలేదు. ఆ ముక్కలు బెల్‌గ్రేడ్ మ్యూజియంలో ఉన్నాయి, ఎవరైనా వెళ్ళి దర్శించుకోవచ్చు.

చైనా దగ్గర జె-20 స్టెల్త్ విమానాలున్నాయి కాబట్టి నువ్వు కావలసిందేనంటారు నీ భక్తులు. నిజమే, భయానికి మందు కావాలి. 2024లో సొంత స్టెల్త్ విమానం నమూనాలకు 15,000 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. అది ఎప్పటికవుతుందో గానీ, ఎఫ్-35 ఇప్పిస్తానని ట్రంప్ దొరగారు 2025 ఫిబ్రవరిలోనే అభయమిచ్చారు. 2023 మార్చిలో ఆ విమానాలు నూటికి 55 పాళ్ళే పనికి సిద్ధంగా ఉన్నాయట. మిగతావి ధ్యానంలో ఉండి ఉంటాయి!

మాకు దగ్గర్లోనే సునాబేడ ఉంది. అక్కడి హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హాల్) కార్ఖానాలో సుఖోయ్ ఇంజిన్లు తయారవుతాయి. 2024 సెప్టెంబరులో 240 ఇంజిన్లకు 26,000 కోట్ల పైచిలుకు ఒప్పందం కుదిరింది. అక్కడివాళ్ళు ఇంజిన్ విప్పి, రెక్క రెక్కా చూసి, మళ్ళీ బిగిస్తారు. నీ దగ్గర ఆ శ్రమ ఉండదు స్వామీ. నీ మూలకోడ్‌ను పెట్టుబడి పెట్టిన బ్రిటన్‌కే ఇవ్వనివాడివి. నువ్వొచ్చిన రోజున మావాళ్ళు స్పానర్లు పక్కన పెట్టేసి, హ్యాంగర్ గుమ్మం బయటే నిలబడి హారతి కళ్ళకద్దుకుంటే సరిపోతుంది.