టెర్రిఫిక్ పరోటా

తమిళనాడు ధర్మపురి బస్టాండు దగ్గర హోటల్లో మా బావ పరోటా ముక్క తుంచి, సాల్నాలో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏదో దైవదర్శనం అయినట్టు కాసేపు ఆగి, "టెర్రిఫిక్!" అన్నాడు. పరోటా అప్పటికే చల్లారి చెప్పు అట్టలా సాగుతోంది.

ఆ మాట స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో అబ్బింది. అక్కడ 'గుడ్' అంటే పల్లెటూరి మొహం, 'వెరీ గుడ్' అంటే గుమాస్తా, 'టెర్రిఫిక్' అంటేనే ఉద్యోగం అట. నోట్సు పుస్తకంలో దాని ఎదురుగా తమిళంలో 'బయంగరం' అని రాసుకున్నాడు. ఒకరకంగా మాస్టారు తప్పు చెప్పలేదు. లాటిన్‌లో భయపెట్టడం నుంచి పుట్టిన మాట అది. మిల్టన్ 1667లో 'ప్యారడైజ్ లాస్ట్'లో దాన్ని పాము జూలుకు తగిలించాడు. తర్వాత అది తలనొప్పుల మీదికి దిగింది, పంతొమ్మిదో శతాబ్దం చివరికి మెప్పుకోలుగా మారింది. పాము నుంచి పొగడ్త దాకా రావడానికి ఇంగ్లీషువాడికి రెండు వందల ఏళ్ళు పైనే పట్టింది. మా బావకు మూడు నెలల కోర్సు చాలింది.

చిక్కేమిటంటే టెర్రిఫిక్కూ టెర్రిబులూ ఒక తల్లి బిడ్డలు. ఒకణ్ణి పెళ్ళికి పిలుస్తాం, ఇంకొకణ్ణి చూస్తే తలుపేసుకుంటాం. మా బావ ఒకసారి మేనేజరు కూతురు పాట పాడితే లేచి నిలబడి మరీ "టెర్రిబుల్" అని చప్పట్లు కొట్టాడు. ఆ ఏడు జీతం పెరగలేదు.

"మన భాషలో ఆ పంచ్ లేదు బావా" అంటాడు. లేకేం నాయనా! సినిమాకి నాలుగు డబ్బులొస్తే 'ఊచకోత' అంటున్నాం. హీరో చొక్కా మారిస్తే 'విధ్వంసం', నాలుగు స్టెప్పులేస్తే 'అరాచకం', బిర్యానీ 'దారుణంగా' బాగుంటుంది. చూడబోతే తెలుగువాడి సంతోషం మొత్తం ఎఫ్ఐఆర్‌లా వినిపిస్తోంది.

ఇలాంటి ఆర్భాటం లేని పేరూ ఒకటి చూడండి. ఈ ధర్మపురి జిల్లాలోనే హొగేనక్కల్ జలపాతం ఉంది. కావేరి బండల మీద విరుచుకుపడితే తుంపర పొగలా లేస్తుంది. కన్నడంలో హొగె అంటే మన పొగే, కల్ అంటే రాయి. పొగరాయి, అంతే. పేరు పెట్టినవాడు ఒక్క విశేషణమూ ఖర్చుపెట్టలేదు. అది మనకు ఆనలేదు కాబట్టి 'ఇండియా నయాగరా' అన్నాం. ఛత్తీస్‌గఢ్‌లో చిత్రకోట్ జలపాతానికీ అదే బిరుదు. మనకు నీళ్ళకు కరువు గానీ నయాగరాలకు కాదు.

నిజంగా భయపడాల్సిన నీళ్ళు వేరే ఉన్నాయి. ధర్మపురి భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళు గారపడతాయి, ముదిరితే ఎముకలు బిగుసుకుపోయి మనిషి వంగిపోతాడు. నల్గొండవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1937లో వైద్యులు ఈ జబ్బు గురించి రాసింది కూడా మన నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసే. మరి దీనికి ఎంత పెద్ద విశేషణం దొరికింది? 'పరిమితికి మించిన'. ఏదో పెళ్ళిలో వడ్డన కాస్త మించినట్టు! 2008లో శంకుస్థాపన చేసి 2013లో ప్రారంభించిన హొగేనక్కల్ నీటి పథకానికి జపాన్ అప్పిచ్చింది, సుమారు 1,929 కోట్లు ఖర్చు. ఆ పథకం పేరులో ఉన్నది ఫ్లోరోసిస్ 'మిటిగేషన్'. అంటే ఉపశమనం అన్నమాట. మనిషిని వంచేసే నీటి దగ్గర గొంతు తగ్గించి, పరోటా దగ్గర మాత్రం కేకలు వేస్తాం.

మా బావ మిగిలిన రెండు పరోటాలు పార్సిల్ కట్టించాడు. ఇంట్లో అవ్వ ఉంది. చిన్నప్పుడు తాగిన బావినీళ్ళకు ఆవిడ పళ్ళు గోధుమరంగు తిరిగాయి. "గార పట్టింది" అంటుంది, అంతకు మించి ఏమీ అనదు. బావ ఒక ముక్క చేతిలో పెట్టి, "టెర్రిఫిక్‌గా ఉండాది, తిను అవ్వా" అన్నాడు.

అవ్వ ఆ పళ్ళతోనే నిదానంగా నమిలింది.

"ఉప్పు చాల్లేదురా" అంది.

నిజమే, ఉప్పు చాల్లేదు.